మామగారి గుర్రాలు, మీవారి కారు

ప్రశ్న: మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మావారిది ప్రైవేటు ఉద్యోగం. నేను ఇంట్లోనే ట్యూషన్లు చెబుతాను. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. మావయ్యగారు గుడివాడ డిపోలో ముప్పై ఏళ్లు ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 69 ఏళ్లు. అత్తయ్యగారు పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నారు. ఆయనతో ఒకటే బాధ. రేసులున్న రోజు మెట్రో ఎక్కి మలక్‌పేట వెళ్లిపోతారు. మూడొందలో ఐదొందలో పోగొట్టుకుని వస్తారు. ఒకసారి టనాలా (మొదటి మూడు గుర్రాలనూ వరసగా చెప్పే పందెం) తగిలిందని 11 వేలు తెచ్చి పెద్దవాడికి సైకిల్ కొన్నారు. అప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఈమధ్య కింది ఫ్లాటాయన దగ్గర మాకు చెప్పకుండా ఆరు వేలు చేబదులు తీసుకున్నారని తెలిసింది. మావారు పిల్లల ముందే "జూదగాడివి" అని అరిచారు. చిన్నవాడు ఇప్పుడు తాతని అలాగే పిలుస్తున్నాడు.

మావారికి ఏ దురలవాటూ లేదు. సిగరెట్ కూడా ముట్టరు. సంక్రాంతికి బరుల దగ్గరకు వెళ్లినా ఐదారు వేలకు మించి కాయరు. ఉన్నదల్లా డ్రైవింగ్ పిచ్చి. నెలకోసారి కైకలూరు దగ్గర మా ఊరు వెళ్తాం. ట్రాఫిక్ ఉండదని రాత్రి పదింటికి బయల్దేరతాం, ఐదు గంటల్లో ఇంటి ముందుంటాం. కారు దారి పొడుగునా కూత పెడుతూనే ఉంటుంది. పిల్లలు వెనక సీట్లో నిలబడి "డాడీ, దాన్ని దాటెయ్" అని ఒకటే గోల. చలాన్లు వస్తాయిగానీ రాయితీ ఇచ్చినప్పుడు అన్నీ ఒకేసారి కట్టేస్తారు. మావయ్యగారిది అక్కడా మొండితనమే. ఇంట్లో కారుండగా ఒక్కరే ఆర్టీసీ బస్సులో వస్తారు. చుట్టాల ముందు మాకు తలవంపులు. ఆయన పింఛను ఏటీఎం కార్డు మేమే తీసి పెట్టుకుందామనుకుంటున్నాం. తప్పంటారా? ఈ పందేలు మాన్పించడం ఎలా?

- ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, కార్డు సంగతి తర్వాత చెబుతాను. ఉత్తరం చివర్లో మీరు మొండితనమని రాసి దాటేసిన విషయం ఒకటుంది. నన్ను పట్టుకున్నది అదే. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకుని బతికిన మనిషి సొంత కొడుకు నడిపే కారు ఎక్కడం లేదు. ఎందుకెక్కరో మీరెవరైనా అడిగారా? అడిగినట్టు ఉత్తరంలో లేదు. ఆయన కూడా చెప్పి ఉండరు. కొడుకు దగ్గర ఉంటూ, జూదగాడని అనిపించుకుంటూ, "నాయనా, నీ బండి ఎక్కాలంటే నాకు భయం" అని ఏ తండ్రి అంటాడు? నోరు మూసుకుని బస్సెక్కుతాడు.

మీ కారు కూత సంగతి కూడా చూద్దాం. 2019 జులై తర్వాత తయారైన కార్లన్నిటికీ వేగం హెచ్చరిక ఉండాలన్నది నిబంధన. 80 దాటితే ఉండుండి బీప్ అంటుంది. 120 దాటితే ఇక ఆపదు. మీరు "కూత పెడుతూనే ఉంటుంది" అని రాశారు. అంటే స్పీడోమీటర్ ముల్లు ఎక్కడుంటోందో మీకు తెలియకుండానే నాకు చెప్పేశారు. విజయవాడ రోడ్డు లాంటి నాలుగు వరుసల రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితే గంటకు 100.

మీ ఇంట్లో పందేలు కాసేవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన సంగతి మీకు తెలుసు, ఆయన మీద కోపంగా ఉన్నారు. రెండో ఆయన పందెంలో మీరూ పిల్లలూ ఉన్నారు.

ముందు మామగారి పందెం ఎలాంటిదో చూద్దాం. మలక్‌పేట రేసులు నిన్నమొన్నటివి కావు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మౌలాలి నుంచి అక్కడికి వచ్చాయి. వానాకాలం ఒక సీజను, చలికాలం ఒక సీజను. గాంధీ జయంతి నాడు డెక్కన్ డెర్బీ. సీజను లేనప్పుడు కూడా బెంగళూరు, చెన్నై, పుణే రేసులకు ఇక్కడ తెర మీద చూస్తూ పందెం కాయవచ్చు. కాబట్టి సీజను అయిపోతే ఆయనే మానేస్తారులే అని మీరు ఎదురుచూడకండి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తమిళనాడు కేసులో తీర్పిచ్చింది. అందుకే రేసుకోర్సు లోపల కాసే పందెం నేరం కాదు. మీ మామగారు ఆ తీర్పు మీకు ఇప్పటికే అప్పజెప్పి ఉంటే నాకేం ఆశ్చర్యం లేదు. రేసులకు వెళ్లే పెద్దవాళ్లందరికీ అది నోటికి వచ్చు.

కోర్టు ఏమన్నా జేబుకు నైపుణ్యం తెలియదు. టోట్‌లో, అంటే రేసు క్లబ్బే నడిపే పందెం కౌంటర్లో, అందరూ పెట్టిన డబ్బు ఒక కుప్పవుతుంది. అందులోంచి క్లబ్బు వాటా, పన్నులు ముందే తీసేస్తారు. మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతారు. గుర్రప్పందేల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. అంటే గుర్రం గేటులోంచి బయటికి రాకముందే కాసేవాళ్లంతా కలిసి కొంత ఓడిపోయి ఉంటారు. లెక్క తేలికగా ఉండటానికి, తక్కువే పట్టి, ప్రతి వందలో ఇరవై తీసేస్తారనుకోండి. ఐదొందలు పెట్టి, వచ్చింది మళ్లీ పెడుతూ ఐదు రేసులు తిప్పితే సగటున చేతిలో మిగిలేది 164 రూపాయలు. ఎవరో ఒకరికి ఒక పూట తగులుతుంది, ఆయనకు టనాలా తగిలినట్టు. మొదటి మూడు గుర్రాలనూ వరసతో సహా చెప్పగలగడం చిన్న విషయం కాదు. అది మళ్లీ మళ్లీ జరగదు కూడా. సైకిల్ కొన్న ఆ 11 వేలు ఆయనకు చాలా ఖరీదైన డబ్బు, అప్పటి నుంచీ దానికి వాయిదాలు కడుతూనే ఉన్నారు.

కాబట్టి మీరు చెప్పింది నిజమే, ఆయన ఓడిపోతున్నారు. ఓడిపోతూనే ఉంటారు. అయితే ఆ పందెంలో దాపరికం లేదు. గుర్రం వయసెంత, ఎంత బరువు మోస్తోంది, పోయిన రేసుల్లో ఎన్నోదిగా వచ్చింది, జాకీ ఎవరు, ట్రైనర్ ఎవరు, అన్నీ రేసు పుస్తకంలో అచ్చేసి ఇస్తారు. పోతే ఎంత పోతుందో టికెట్ మీదే ఉంటుంది. ఐదొందల టికెట్ కొంటే పోయేది ఐదొందలే. అది కూడా ఆయనది. సాయంత్రం మెట్రో దిగి వచ్చేటప్పుడు ఓడిపోయానని ఆయనకు తెలుసు, మొహం చూసి మీకూ తెలుస్తుంది.

మీవారి పందెం దీనికి తిరగబడినది. మామగారు దాదాపు ప్రతిసారీ కొంచెం పోగొట్టుకుని ఎప్పుడో ఒకసారి పెద్దది గెలుస్తారు. మీవారు ప్రతిసారీ కొంచెం గెలుస్తారు. ఒక గంట, ఊళ్లో దిగగానే బావమరిది "అప్పుడే వచ్చేశారా!" అనడం. ఓడటమంటూ జరిగితే ఒకేసారి మొత్తం. ఇంత సొగసుగా మోసం చేసే జూదం ఇంకోటి లేదు. ఎందుకంటే రోజూ ఓడేవాడికి ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి వచ్చే అవకాశముంది. రోజూ గెలిచేవాడికి ఎందుకొస్తుంది? ప్రతి నెలా క్షేమంగా చేరినందుకు ఆయనకు అందే సందేశం ఒక్కటే, నాకు డ్రైవింగ్ బాగా వచ్చని. అదృష్టం కలిసొచ్చిన రాత్రికీ నైపుణ్యం పనిచేసిన రాత్రికీ తేడా తెలిపే మార్గం కారులో లేదు.

ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు 1981లో ఒక చిన్న పని చేశాడు. తన పరిశీలనలో పాల్గొన్నవాళ్లను, మిగతావాళ్లతో పోలిస్తే మీరెంత బాగా నడుపుతారని అడిగాడు. అమెరికన్లలో 93 శాతం మంది తాము సగానికి పైమెట్టులో ఉన్నామన్నారు. నూటికి 93 మంది పైసగంలో ఎలా పడతారు? మన దగ్గర అడిగితే ఆ మిగిలిన ఏడుగురూ దొరకడం కూడా కష్టమేనని నా అనుమానం.

మీవారు లెక్కలకు లొంగే మనిషైతే ఇది చూపించండి. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి, కళ్లకు కనిపించినదానికి కాలు స్పందించడానికి ఒక్క సెకను పడుతుంది. గంటకు 100 మీద వెళ్తుంటే ఆగడానికి సుమారు 83 మీటర్లు కావాలి. 140 మీదైతే సుమారు 147. ఇప్పుడు వంద మీటర్ల ముందు దీపాల్లేని లారీ ఒకటి ఆగి ఉందనుకోండి. వంద మీద వచ్చిన కారు దాని వెనక ఆగుతుంది, డ్రైవర్ నాలుగు తిట్లు తిట్టి పక్కనుంచి వెళ్లిపోతాడు. 140 మీద వచ్చిన కారు శాయశక్తులా బ్రేకు తొక్కినా గంటకు 90 పైచిలుకు వేగంతో దాన్ని గుద్దుతుంది. పెరిగింది 40 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. ఆగే దూరం మాత్రం అలా పెరగదు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక జారే దూరం నాలుగింతలవుతుంది. పైగా మీరు వెళ్లేది రాత్రిపూట. ఎదురుగా బండ్లొస్తున్నాయని దీపం దించితే వెలుగు పడేది యాభై, అరవై మీటర్లు. ఆ వెలుగులో వంద కూడా ఎక్కువే.

దీపాల్లేని లారీ అన్నది నేను కల్పించినది కాదని ఆ దారిన తిరిగే మీకు తెలుసు. చౌటుప్పల్ దాటాక ఢాబాల ముందు రోడ్డంచున వరసగా ఆపి ఉంటాయి. పెట్రోలు బంకు కోసం యూటర్న్ దాకా వెళ్లడం ఇష్టం లేక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, డివైడర్ సందులోంచి అడ్డంగా వచ్చే ట్రాక్టర్లు, కోతల రోజుల్లో రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు. ఈ రోడ్డు మీదే, మునగాల దగ్గర ఆకుపాముల వద్ద, 2014 డిసెంబరులో నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన చనిపోయారు. నాలుగేళ్లకు నల్గొండ జిల్లాలోనే మరో రహదారి మీద కారు ప్రమాదంలో తండ్రి హరికృష్ణ పోయారు. ఆ ఇంటి హీరోల సినిమాలు మొదలయ్యే ముందు జాగ్రత్తగా నడపమని తెర మీద వేసే మాట అందుకే. మంచి కారు, అలవాటైన దారి, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ జరుగుతుందని చెప్పడానికే ఇది ఎత్తాను, వాళ్ల తప్పొప్పులు ఎంచడానికి కాదు.

విజయవాడ దాటాక సంగతి వేరు. గుడివాడ నుంచి కైకలూరు వైపు తిరిగాక రోడ్డు సన్నబడుతుంది. చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతుంటాయి, రోడ్డు తడి. అవతలి బండి 80, మీరు 80 అంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. ఒక లారీని దాటడానికి ఎనిమిది సెకన్లు పడితే 350 మీటర్లకు పైగా ఖాళీ రోడ్డు కావాలి. చీకట్లో దూరాన ఒంటి దీపం కనిపిస్తే అది మోటార్‌సైకిలో, ఒక దీపం మాడిపోయిన లారీయో ఎవరు చెప్పగలరు? మీ మామగారు చెప్పలేరు. చెప్పలేనని ఆయనకు తెలుసు. అందుకే ముప్పై ఏళ్లు చేసి ఇంటికి రాగలిగారు.

దేశం మొత్తం లెక్క చూస్తే 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. రోజుకు 460 మందికి పైనే. ఆ మరణాల్లో నూటికి 71కి కారణం అతివేగమని రహదారుల శాఖ నివేదిక చెప్పింది. సీటుబెల్టు పెట్టుకోక పోయినవాళ్లు 16,715 మంది. వాళ్లలో సగం మంది బండి నడుపుతున్నవాళ్లు కారు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు.

వెనక కూర్చున్నవాళ్లు అన్నాను కదా. మీ పిల్లలు కూర్చోవడం కూడా లేదు, నిలబడి ఉన్నారు. రెండు సీట్ల మధ్య నిలబడ్డ ఐదేళ్లవాడికి కారు ఒక్కసారిగా ఆగితే ముందు అద్దం దాకా అడ్డేమీ ఉండదు. పూర్వం సభలో ద్రౌపది ఒక ప్రశ్న వేసింది, తనను తాను ఓడిపోయాక నన్ను పందెం ఒడ్డే హక్కు ఆయనకెక్కడిదని. కనీసం ఆమెను ఒడ్డుతున్నట్టు సభలో అందరికీ వినబడేలా చెప్పారు. మీ విషయంలో ఆ మాత్రం కూడా జరగలేదు. మీరు పక్కసీట్లో కునుకు తీస్తుంటే పందెం అయిపోతోంది. ఎదురుగా బైకు మీద భార్యాబిడ్డలతో వస్తున్న ఎవరినో కూడా కలిపే కాస్తున్నారు. రేసుకోర్సులో మామగారు పక్కవాడి జేబులో డబ్బు తీసి తన గుర్రం మీద పెట్టలేరు కదా.

ఇంతా చేసి గెలిచేది ఎంత? నిదానంగా వెళ్తే మీ ఊరికి ఆరు గంటలు పడుతుంది, ఆయన ఐదుకు చేరుస్తారు. పదికి బయల్దేరితే మూడింటికి దిగుతున్నారు. దిగి ఏం చేస్తున్నారు? నిద్ర లేచి వచ్చి తలుపు తీసిన మీ అమ్మగారికి "మీరు పడుకోండి" అని చెప్పి, మీరూ పడుకుంటున్నారు.

ప్రమాదం అవకాశం చాలా తక్కువ కదా అంటారు. ఒక్కసారికి తక్కువే. ఒక్కో తెగింపు ఓవర్‌టేక్‌లో లక్షకు ఒక్కవంతే ప్రమాదం ఉందనుకుందాం, వట్టి లెక్క కోసం. ప్రయాణానికి అలాంటివి ముప్పై, నెలకు రానూపోనూ రెండు ప్రయాణాలు, ఇలా ఇరవై ఏళ్లు. అంతా కలిపితే నూటికి 13 పాళ్లు తేలుతుంది. మలక్‌పేటలో గెలిచే అవకాశం అంత ఉన్న గుర్రం వస్తే మీ మామగారు దాన్ని కొట్టిపారేయరు, ఒక చూపు చూస్తారు.

చలాన్ల సంగతి నవ్వు తెప్పించింది. తెలంగాణలో 2022లోనూ 2023 చివర్లోనూ పెండింగ్ చలాన్లకు భారీ రాయితీ ఇచ్చారు. అప్పటి నుంచి చాలామంది మీవారిలాగే మళ్లీ ఎప్పుడిస్తారా అని కూడబెట్టుకుంటున్నారు. వేగం మీద పందెం ఒకటి, జరిమానా తగ్గుతుందని ఇంకో పందెం. సంక్రాంతి బరి కూడా కలుపుకుంటే మూడు. పోనీ ఇందాకటి మాట ఇంకొంచెం పొడిగిస్తాను, కోపం తెచ్చుకోకండి. మామగారు రేసుకోర్సులో కాసేది చట్టం ఒప్పుకున్న పందెం. కోడిపందెం చట్టం ఒప్పుకోనిది. మామగారు పది పన్నెండు రేసు రోజుల్లో పోగొట్టుకునేది మీవారు భోగి, సంక్రాంతి, కనుమల్లో "మించి కాయకుండా" కాసేస్తారు. ఇందులో ఒకరు జూదగాడు, ఇంకొకరు ఏ అలవాటూ లేని మనిషి ఎలా అయ్యారో మీ చిన్నవాడు పెద్దయ్యాక అడుగుతాడు. వాడికి జూదం నేర్పుతున్నది తాత కాదు. "దాన్ని దాటెయ్" అని కేకలు పెట్టించే వెనక సీటు.

ఇప్పుడు చేయాల్సిన పని. కారులో ఉండగా "మెల్లగా, మెల్లగా" అనకండి. ఆ మాట చెవికెక్కదు సరికదా, చాలామంది మగవాళ్లకు అది ఇంకో పది పెంచమన్నట్టే వినిపిస్తుంది. ఇంట్లో, పిల్లలు పడుకున్నాక, కాగితం పెన్ను పెట్టుకుని మాట్లాడండి. వేగం తప్పా ఒప్పా అనే వాదనలోకి దిగితే మీరు గెలవలేరు, ఆయన దగ్గర ఏళ్ల తరబడి క్షేమంగా చేరిన రికార్డుంది. షరతులు మాట్లాడండి. రాత్రి ప్రయాణం లేదు, తెల్లవారి ఐదింటికి బయల్దేరాలి. 120 కూత ఒక్కసారి కూడా వినిపించకూడదు, అది మోగితే తర్వాతి నెల ప్రయాణం రద్దు. నలుగురూ బెల్టు పెట్టుకున్నాకే బండి కదలాలి, చిన్నవాడికి వాడి వయసుకు తగిన పిల్లల సీటు కొనాలి. వెనక సీట్లోవాళ్లకూ బెల్టు చట్టప్రకారం తప్పనిసరే. సూర్యాపేటలో దిగి అరగంట ఆగాలి. ఎన్నింటికి చేరతామో ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు. ఈ చివరిది తేలికగా తీసుకోకండి. "మూడింటికల్లా ఉంటాం" అని ఒకసారి ఫోన్లో అన్నాక ఆ మాట నిలబెట్టుకోవడానికే సగం ఓవర్‌టేక్‌లు జరుగుతాయి.

ఆయన ఒప్పుకోకపోతే మామగారికి టికెట్ తీసేటప్పుడు మీకూ పిల్లలకూ కలిపి తీయండి. బస్సులకూ ప్రమాదాలు జరుగుతాయి, జరగవని నేననను. కానీ వేగానికి కళ్లెం వేసిన బండిలో, అదే ఉద్యోగంగా ఉన్న మనిషి నడుపుతుండగా వెళ్లడానికీ, గంట ముందు చేరామన్న పేరు కోసం నడిపే బండిలో వెళ్లడానికీ తేడా ఉంది. చుట్టాలు ఏమనుకుంటారోనన్న బెంగ వద్దు. ఖాళీ కారులో ఒక్కడే రెండు ట్రిప్పులు వచ్చాక మీవారే దారికొస్తారని నా నమ్మకం.

వీలైతే ఇంకోటి చేయండి. ఒకసారి పగటిపూట మామగారిని బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టండి. సలహాలివ్వమని కాదు. ఊరికే కూర్చోమని. ఆయన కుడికాలు నేలను ఎక్కడెక్కడ తొక్కుతోందో మీరు వెనక నుంచి చూడండి. మీవారికి చెప్పాల్సినవన్నీ అక్కడ దొరుకుతాయి.

ఇక మామగారి విషయం. మూడొందలు, ఐదొందలు నాకు పెద్ద దిగులు కాదు. భార్య పోయి, ఊరు వదిలి, ఫ్లాట్లో పొద్దుపుచ్చుతున్న మనిషికి రేసు పుస్తకం చదవడం, తనలాంటి నలుగురితో వాదించడం ఒక కాలక్షేపం. దానికైన ఖర్చు అది. దిగులు ఆ ఆరు వేలది, అందులోనూ చెప్పకుండా తీసుకున్నందుకు. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి పందెం పెంచడం, అప్పు చేయడం, అబద్ధమాడటం, వెళ్లని రోజు చిరాకుపడటం, ఇవన్నీ కలిసి కనిపిస్తే కాలక్షేపం కాస్తా జబ్బు వైపు నడుస్తున్నట్టు. ఆరు వేలు దేనికి తీసుకున్నారో మీవారు కాదు, మీరు అడగండి. అరవకుండా. టోట్ టికెట్లకేనా, బయట బుకీ దగ్గర బాకీ పడ్డారా అన్నది ముఖ్యం. కౌంటర్ దగ్గర చేతిలో డబ్బుంటేనే టికెట్ ఇస్తారు. బయటి బుకీ అరువిస్తాడు, ఆ అరువుకు అంతుండదు. ఫోన్లో ఏవైనా ఆటల యాప్‌లు ఉన్నాయేమో కూడా కనుక్కోండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతా నిషేధించింది. ఇంకా దొరుకుతున్నవి దొంగచాటువి. వాటిలో గెలిచినా డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం లేదు.

కింది ఫ్లాటాయన బాకీ మీరు కట్టకండి. మామగారి చేతే నెలకు వెయ్యి చొప్పున ఆయన పింఛనులోంచి కట్టించండి. ఇకమీదట మాకు చెప్పకుండా ఇవ్వొద్దని ఆ ఫ్లాటాయనకు మర్యాదగా చెప్పండి. రేసులకు నెలకింత అని మామగారే ఒక మొత్తం చెప్పాలి, అది నగదుగా విడిగా పెట్టుకోవాలి, అయిపోతే ఆ నెలకు అంతే. గెలిచింది మళ్లీ పందేనికి వెళ్లకూడదు, ఇంటికి రావాలి. ఈ లెక్క రెండు మూడు నెలలు నిలబడితే ఇంక ఆయన జోలికి వెళ్లొద్దు. నిలబడకపోతే, బాకీలు ఇంకా ఉన్నాయని తేలితే, 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు. ఇంటివాళ్లు కూడా చేయవచ్చు.

ఏటీఎం కార్డు మాత్రం తీసుకోకండి. అది ఆయన పింఛను. ఆయనంతట ఆయన "నా దగ్గరుంటే ఆగలేకపోతున్నాను, నువ్వుంచమ్మా" అని ఇస్తే తీసి పెట్టండి, అడిగిన రోజు తిరిగి ఇచ్చేయండి. చిన్నవాడు పిలిచే పిలుపును మీవారే మాన్పించాలి, తను నేర్పిన మాట కాబట్టి. ఆ పని ఈ రోజే చేయొచ్చు, దానికి షరతుల కాగితం రాసేదాకా ఆగక్కర్లేదు.